ఆస్ట్రేలియా వలసరాజ్యాల్లో బుష్‌రేంజర్లు: దారి దోపిడీ, చట్టం, భూమి

7.1 పరిచయం

1788 జనవరిలో పదకొండు ఓడల తొలి నౌకాదళం సిడ్నీ కోవ్ చేరింది. న్యూ సౌత్ వేల్స్ ఖైదీల వలసగా ఎలా మొదలైందో గత యూనిట్‌లో చదివారు. ఆ వలసలోనే పుట్టి, దాదాపు ఒక శతాబ్దం పాటు రహదారుల మీదా అడవుల్లోనూ ప్రభుత్వానికి నిద్ర లేకుండా చేసిన వారిని గురించి ఈ యూనిట్‌లో చదువుతారు. వారిని బుష్‌రేంజర్లు అంటారు. ఈ పేరు వినగానే చాలామందికి నెడ్ కెల్లీ ఇనుప శిరస్త్రాణం గుర్తుకు వస్తుంది. కాని అతను ఎంత ధైర్యవంతుడో తేల్చడం చరిత్ర విద్యార్థిగా మీ పని కాదు. దారి కాచి దోచుకున్న మనిషికి అన్నం పెట్టి, గుర్రానికి గడ్డి వేసి, పోలీసుల కదలికలు చేరవేసిన సామాన్యులు ఎవరు? వారు ఎందుకు అలా చేశారు? ఆ సంబంధాన్ని తెంచడానికి ప్రభుత్వం ఎలాంటి చట్టాలు చేసింది? ఆ చట్టాల కింద ఎవరెవరు నలిగారు? చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్నలను మనసులో ఉంచుకోండి.

ముందుగా మాట సంగతి చూద్దాం. ‘బుష్’ అంటే మనం అనుకునే దట్టమైన అడవి మాత్రమే కాదు. జనావాసాలకు అవతల ఉన్న యూకలిప్టస్ వనాలు, పొదలు, కొండలు, ఎండిన వాగులు అన్నింటికీ కలిపి ఆస్ట్రేలియాలో అదే మాట వాడతారు. ‘బుష్‌రేంజర్’ అనే మాట 1805 నాటి సిడ్నీ గెజెట్ పత్రికలో అచ్చులో కనిపిస్తుంది. మన ‘బందిపోటు’ అన్న మాట దీనికి సరిగ్గా సరిపోదు. బందిపోటు అనగానే మనకు గుంపుగా ఊరి మీద పడే మనిషి కనిపిస్తాడు. బుష్‌రేంజర్ చాలాసార్లు ఒంటరి. లేకపోతే ముగ్గురు నలుగురు కలిసి తిరిగేవారు. పైగా మొదటి తరం వారిలో చాలామంది దోచుకోవడానికి అడవిలోకి వెళ్లలేదు. జైలు నుంచి పారిపోయి, బతకడానికి దోచుకున్నారు. అందుకే ఈ యూనిట్‌లో అసలు మాటనే ఉంచుతున్నాము.

7.2 పారిపోయిన ఖైదీలు

1788 నుంచి 1868 వరకు బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి సుమారు 1,62,000 మందిని ద్వీపాంతరవాస శిక్ష కింద ఆస్ట్రేలియాకు పంపారు. వారిలో అధిక సంఖ్యాకులు దొంగతనం వంటి నేరాలకు శిక్ష పడిన పేదలు. అక్కడికి చేరాక వారిని నాలుగు గోడల మధ్య పెట్టలేదు. కొందరిని రోడ్లు వేయడం వంటి ప్రభుత్వ పనులకు, ఎక్కువ మందిని ప్రైవేటు భూస్వాముల దగ్గర పనికి కేటాయించారు. కూలి లేదు, తిండి మాత్రమే. యజమాని తనంతట తాను కొట్టకూడదు, మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయాలి. ఆ మేజిస్ట్రేటు చాలాచోట్ల పక్క పొలం భూస్వామే. కొరడా దెబ్బల శిక్ష రాయడానికి అతనికి పెద్దగా సమయం పట్టేది కాదు. దీన్ని బట్టి ‘పారిపోవడం’ అన్నది ఆ వ్యవస్థలో అరుదైన సంఘటన ఎందుకు కాలేదో మీరు ఊహించవచ్చు.

తొలి బుష్‌రేంజర్‌గా చరిత్రకారులు పేర్కొనే జాన్ సీజర్ ఆఫ్రికన్ సంతతికి చెందినవాడు, తొలి నౌకాదళంలో వచ్చిన ఖైదీ. భారీ శరీరం, దానికి తగిన ఆకలి. రేషను చాలక 1789లోనే తుపాకి తీసుకుని అడవిలోకి పోయాడు. పట్టుబడ్డాడు, మళ్లీ పారిపోయాడు. 1796లో గవర్నర్ హంటర్ అతన్ని పట్టి ఇచ్చినవారికి ఐదు గ్యాలన్ల సారా బహుమతి ప్రకటించాడు. ఆ ఏడాది ఫిబ్రవరి 15న జాన్ వింబో అనే వ్యక్తి అతన్ని కాల్చి చంపాడు. డబ్బుకు బదులు సారా ఎందుకు అని మీకు అనిపించవచ్చు. ఆనాటి సిడ్నీలో నాణేల కొరత తీవ్రం. సారాయే చెలామణి.

అయితే ఖైదీల కాలపు బుష్‌రేంజింగ్‌కు అసలు రంగస్థలం సిడ్నీ కాదు, దక్షిణాన ఉన్న వాన్ డీమెన్స్ లాండ్, అంటే నేటి టాస్మానియా. అక్కడ 1803లో వలస మొదలైన తొలి సంవత్సరాల్లో తిండి కొరత ఏర్పడింది. వలసవాసులను బతికించింది కంగారూ మాంసం. వేటకు తుపాకులు, కుక్కలు ఇచ్చి ఖైదీలను అడవిలోకి పంపారు. వారు వేట నేర్చుకున్నారు, కంగారూ తోలుతో బట్టలు కుట్టుకోవడం నేర్చుకున్నారు, దారులు నేర్చుకున్నారు. కొందరు తిరిగి రాలేదు. ఒక విధంగా చెప్పాలంటే అక్కడి బుష్‌రేంజర్లకు శిక్షణ ఇచ్చింది ప్రభుత్వమే.

1812లో అక్కడికి వచ్చిన మైకేల్ హౌ వీరిలో ప్రసిద్ధుడు. తనను తాను ‘అడవుల లెఫ్టినెంట్ గవర్నర్’ అని చెప్పుకుని, హోబార్ట్‌లోని అసలు గవర్నరుకు సమానస్థాయిలో ఉత్తరాలు రాశాడు. 1815లో గవర్నర్ డేవీ తనకు అధికారం లేకపోయినా సైనిక శాసనం ప్రకటించాడు. సిడ్నీలోని మక్వారీ దాన్ని ఆమోదించలేదు. హౌ వెంట మేరీ కాకెరిల్ అనే మూలవాసి యువతి ఉండేది. 1817లో సైనికులు తరిమినప్పుడు వెనకబడిన ఆమె అతని తుపాకి గుండుకే గాయపడి పట్టుబడింది. ఆ తరువాత ఆమె సైనికులకు దారి చూపింది. 1818లో హౌను చంపి, తలను హోబార్ట్‌కు తెచ్చారు.

ఇదే కాలంలో మస్కిటో అనే మరో వ్యక్తి కనిపిస్తాడు. సిడ్నీ ప్రాంతపు మూలవాసి. వలసవాసులను ఎదిరించినందుకు నార్ఫోక్ దీవికి, అక్కడి నుంచి వాన్ డీమెన్స్ లాండ్‌కు పంపారు. బుష్‌రేంజర్ల జాడలు పట్టడానికి అధికారులు అతన్ని వాడుకున్నారు. తరువాత అతను మూలవాసుల ప్రతిఘటనలో చేరాడు. 1825 ఫిబ్రవరిలో హోబార్ట్‌లో అతన్ని ఉరి తీశారు. ఆ భూమి మీద తొలి దోపిడీ ఎవరిది, ఎవరి మీద జరిగింది అన్న ప్రశ్న మస్కిటో కథ చదివినప్పుడు తప్పించుకోలేనిది. బుష్‌రేంజర్ల గురించిన పాటల్లో మాత్రం ఆ ప్రశ్నకు చోటు లేదు.

మాథ్యూ బ్రేడీ కథ కూడా తెలుసుకోదగినదే. మక్వారీ హార్బర్ అనే భయంకరమైన శిక్షాకేంద్రం నుంచి 1824లో కొందరితో కలిసి పడవలో తప్పించుకున్నాడు. గవర్నర్ ఆర్థర్ అతని తలకు వెల కట్టగా, బ్రేడీ కూడా ఒక సత్రం తలుపు మీద ప్రకటన అంటించాడు. ఆర్థర్‌ను పట్టి తనకు అప్పగించినవారికి ఇరవై గ్యాలన్ల రమ్ము ఇస్తానన్నది దాని సారాంశం. స్త్రీల పట్ల మర్యాదగా ఉంటాడని పేరు తెచ్చుకున్నాడు. 1826లో జాన్ బాట్‌మన్ అతన్ని పట్టుకున్నాడు. తరువాతి కాలంలో మెల్‌బోర్న్ స్థాపకుల్లో ఒకడిగా పేరు పొందింది ఈ బాట్‌మనే. మే 4న బ్రేడీని ఉరి తీశారు.

7.3 అనుమానమే నేరం: 1830 చట్టం

న్యూ సౌత్ వేల్స్‌లో 1820ల చివరికి పరిస్థితి తీవ్రమయ్యింది. డబ్లిన్ నుంచి 1825లో వచ్చిన జాక్ డొనాహో, మరికొందరు కలిసి సిడ్నీ చుట్టుపక్కల రహదారులపై బండ్లను ఆపసాగారు. దీనికి జవాబుగా గవర్నర్ డార్లింగ్ ప్రభుత్వం 1830 ఏప్రిల్‌లో ఒక చట్టం చేసింది. దాన్ని సాధారణంగా బుష్‌రేంజింగ్ చట్టం అంటారు. ఈ చట్టం పనిచేసిన తీరును శ్రద్ధగా గమనించండి. పారిపోయిన ఖైదీ అన్న అనుమానం వస్తే చాలు, ఎవరైనా ఎవరినైనా వారెంటు లేకుండా నిర్బంధించవచ్చు. తాను ఖైదీని కానని నిరూపించుకోవలసిన భారం పట్టుబడిన వాడిదే. ఆయుధాలున్నాయని అనుమానిస్తే ఇంట్లోకి ప్రవేశించి సోదా చేయవచ్చు. స్వేచ్ఛాజీవిగా పుట్టి, తన ఖర్చుతో తాను వలస వచ్చిన కూలీ అయినా సరే, జేబులో కాగితం లేకపోతే దారిలో ఆగిపోవలసిందే. 1834లో దీన్ని పొడిగించినప్పుడు న్యాయమూర్తి బర్టన్ ఇది ఇంగ్లీషు న్యాయసూత్రాలకు విరుద్ధమని అభ్యంతరం చెప్పాడు. చట్టం మాత్రం కొనసాగింది.

భారతదేశ చరిత్రలో 1871 నాటి నేరస్థ తెగల చట్టం గురించి మీరు చదివే ఉంటారు. రెండింటినీ ఒకటిగా భావించకండి. భారతదేశంలో అనుమానం పుట్టుకను బట్టి ఒక తెగ మొత్తం మీద పడింది. న్యూ సౌత్ వేల్స్‌లో అది కాగితం చూపలేని ఒక్కొక్క శ్రామికుని మీద పడింది. కాని నేరం రుజువు కాకముందే మనిషిని దోషిగా చూసే అలవాటు బ్రిటిష్ వలసపాలనలో ఒక్క దేశానికి పరిమితం కాదని గుర్తించడానికి ఈ పోలిక పనికి వస్తుంది.

డొనాహో 1830 సెప్టెంబరు 1న బ్రింజెల్లీ దగ్గర పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఆ తరువాత సిడ్నీలోని ఒక పొగాకు వ్యాపారి అతని తల ఆకారంలో, నుదుటి మీద గుండు దెబ్బతో సహా, మట్టి పైపులు చేయించి అమ్మాడు. అవి బాగానే అమ్ముడుపోయాయి. ఖైదీల్లో అతని మీద పాటలు పుట్టాయి.

7.4 బంగారం

1851లో బాతర్స్ట్ దగ్గర ఓఫిర్‌లో బంగారం దొరికిన వార్త వెలువడింది. కొద్దినెలల్లో విక్టోరియాలో అంతకన్న గొప్ప నిక్షేపాలు బయటపడ్డాయి. విక్టోరియా జనాభా 1851లో సుమారు 77,000. పదేళ్లకు అది 5,40,000 అయ్యింది. దోపిడీ స్వరూపం ఈ ఒక్క కారణంతోనే మారిపోయింది. అంతకుముందు దారిన పోయేవాడి దగ్గర దొరికేది టీ ఆకు, పిండి, ఒక దుప్పటి, మంచి జత బూట్లు. ఇప్పుడు ప్రతి గని శిబిరం నుంచి బంగారం, నోట్ల కట్టలు గుర్రపు బండ్ల మీద, గతుకుల దారుల్లో, రోజుల తరబడి ప్రయాణం చేసి సిడ్నీకో మెల్‌బోర్న్‌కో చేరాలి. బండి ఎక్కడ కొండ ఎక్కుతూ నెమ్మదిస్తుందో ఆ ప్రాంతపు కుర్రవాళ్లందరికీ తెలుసు.

1853 జూలై 20న విక్టోరియాలోని మెకైవర్ గనుల నుంచి బయలుదేరిన బంగారు బండిని చెట్టు దుంగ అడ్డం పెట్టి, కొట్టిన కొమ్మల తెర వెనుక నుంచి కాల్పులు జరిపి దోచుకున్నారు. ఇటువంటి వాటిలో అన్నింటికన్నా పెద్దది 1862 జూన్ 15న న్యూ సౌత్ వేల్స్‌లోని యూగౌరా బండల దగ్గర జరిగింది. ఫ్రాంక్ గార్డినర్ ముఠా దారికి అడ్డంగా ఎడ్లబండ్లు నిలిపి, ముఖాలకు మసి పూసుకుని, బండల చాటు నుంచి కాల్చింది. సుమారు 2,700 ఔన్సుల బంగారం, 3,700 పౌన్ల నగదు, మొత్తం సుమారు 14,000 పౌన్ల విలువైన సొత్తు పోయింది. అందులో పెద్ద భాగాన్ని పోలీసులు తిరిగి రాబట్టారు. ముఠాలో హెన్రీ మాన్స్ అనే యువకుడిని ఉరి తీశారు. నాయకుడు గార్డినర్ మాత్రం క్వీన్స్‌లాండ్‌కు వెళ్లి, పేరు మార్చుకుని, దారి పక్కన దుకాణం పెట్టుకున్నాడు. 1864లో పట్టుబడి 32 సంవత్సరాల శిక్ష పొందాడు. పదేళ్లకే, దేశం విడిచి పోవాలన్న షరతుపై, విడుదలయ్యాడు. ఈ విడుదల మీద శాసనసభలో రేగిన వివాదం హెన్రీ పార్క్స్ ప్రభుత్వాన్నే పడగొట్టింది. గార్డినర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మద్యం దుకాణం నడుపుకున్నాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఖైదీల కాలపు బుష్‌రేంజింగ్‌కూ, బంగారం కాలపు బుష్‌రేంజింగ్‌కూ మధ్య మార్పును దోచుకున్న వస్తువుల ఆధారంగా వివరించండి. చదవడం ఆపి, నోటు పుస్తకంలో పది పంక్తులు రాసి ముందుకు వెళ్లండి.

7.5 రెండవ తరం: బెన్ హాల్

1860ల బుష్‌రేంజర్లలో అధికభాగం ఖైదీలు కాదు, ఖైదీల పిల్లలు. ఆ దేశంలోనే పుట్టినవారు. నడక వచ్చిన కొద్దికాలానికే గుర్రపు స్వారీ వచ్చినవారు. పందెం గుర్రాలను దొంగిలించి వాటి మీద తిరిగేవారు. వెంటపడే పోలీసులకు ఉన్నది ప్రభుత్వం కొన్న మామూలు గుర్రాలు. 1862లో న్యూ సౌత్ వేల్స్ పోలీసు వ్యవస్థను కేంద్రీకరించి, బయటి నుంచి వచ్చిన వారిని ఎందరినో భర్తీ చేశారు. వారికి ఆ ప్రాంతం తెలియదు, ఆ ప్రాంతం వారిని నమ్మదు.

ఇక్కడ భూమి సమస్యను అర్థం చేసుకోవాలి. అంతకుముందు దశాబ్దాల్లో ‘స్క్వాటర్లు’ అనే పెద్ద గొర్రెల కాపరులు ప్రభుత్వ భూమిని వేలాది ఎకరాలు ఆక్రమించి, తరువాత కౌలు హక్కులు సంపాదించారు. 1861లో రాబర్ట్‌సన్ భూచట్టాలు చిన్న రైతులకు ఆ కౌలు భూముల్లో ముక్కలు ఎంచుకునే హక్కు ఇచ్చాయి. వీరే ‘సెలెక్టర్లు’. కాగితం మీద ఇది పేదవాడి చట్టం. ఆచరణలో స్క్వాటర్లు బినామీ పేర్లతో నీటి వసతి ఉన్న భాగాలన్నీ ముందే తీసుకున్నారు. బినామీ అంటే ఏమిటో తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనవసరం లేదు. సెలెక్టరుకు మిగిలింది రాళ్ల నేల, వాయిదాల అప్పు, పశువులు కట్టు దాటితే జరిమానా. పశువుల దొంగతనం ఈ తగాదాలో ఒక రోజువారీ ఆయుధం. ఒకరికి అది నేరం, మరొకరికి బాకీ వసూలు.

బెన్ హాల్ 1837లో ఖైదీలుగా వచ్చిన తల్లిదండ్రులకు పుట్టాడు. లాక్లన్ నది ప్రాంతంలో సాండీ క్రీక్ అనే పశువుల క్షేత్రాన్ని కౌలుకు నడుపుకుంటున్న గృహస్థు. 1862లో గార్డినర్‌తో కలిసి దారి దోపిడీ చేశాడన్న ఆరోపణపై అతన్ని అరెస్టు చేశారు, న్యాయస్థానం విడుదల చేసింది. భార్య బిడ్డను తీసుకుని మరొకరితో వెళ్లిపోయింది. యూగౌరా దోపిడీ తరువాత మళ్లీ పట్టుకుని, ఆధారం లేక వదిలారు. సర్ ఫ్రెడరిక్ పాటింగర్ నాయకత్వంలోని పోలీసులు అతని ఇంటిని తగలబెట్టారు. ఇదంతా నిజమే. కాని అన్యాయం జరిగింది కాబట్టి దొంగ అయ్యాడు అని ఒక్క వాక్యంలో ముగించడం సరికాదు. అతనికి గార్డినర్‌తో పరిచయం ముందునుంచీ ఉంది. ఇల్లు కాలక ముందే అతను ఆ దారిలో కొంత దూరం నడిచాడు. పోలీసులు వెనక్కి వచ్చే దారి మూసేశారు అనడం సబబు.

1863 అక్టోబరులో హాల్, జాన్ గిల్బర్ట్, జాన్ ఓ మీలీ తదితరులు కనౌండ్రా అనే చిన్న ఊరిని మూడు రోజులు తమ ఆధీనంలో ఉంచుకున్నారు. దారిన వచ్చిన వారందరినీ రాబిన్సన్ హోటలుకు చేర్చి, తిండి, తాగుడు, పాటలు, నృత్యం ఏర్పాటు చేశారు. ఊరి కానిస్టేబులు కూడా బందీయే. ఖర్చు తామే ఇచ్చారని చెబుతారు. ఆ డబ్బు ఏ బండి నుంచి వచ్చిందో అతిథులు అడిగినట్టు లేదు. ఈ సంఘటన పోలీసులను నవ్వులపాలు చేసింది. అసలు ఉద్దేశం కూడా అదే కావచ్చు.

ముఠాకు సమాచారం అందించేవారిని ‘బుష్ టెలిగ్రాఫ్’ అనేవారు. 1858 నాటికే సిడ్నీ, మెల్‌బోర్న్, అడిలైడ్ నగరాలను తీగ కలిపింది. దానికి పోటీగా పనిచేసిన ఈ నోటిమాట తంతికి బంధువులు, గొర్రెల కాపరులు, సత్రాల వాళ్లు స్తంభాలు. కొందరు అభిమానంతో చెప్పారు. కొందరు డబ్బుకు చెప్పారు. నోరు విప్పితే ఇల్లు కాలుతుందన్న భయంతో మౌనం వహించినవారూ ఉన్నారు. మద్దతు అన్న ఒక్క మాట కింద ఈ మూడింటినీ కలిపేయకుండా జాగ్రత్త పడండి.

నవ్వులు ఎక్కువ కాలం సాగలేదు. 1864 నవంబరులో జుగియాంగ్ దగ్గర గిల్బర్ట్ సార్జంట్ ఎడ్మండ్ పారీని కాల్చి చంపాడు. 1865 జనవరిలో కలెక్టర్ అనే ఊరిలో ముఠా సత్రం దోచుకుంటుండగా, వారిని పట్టుకోవడానికి ఒంటరిగా నడిచి వచ్చిన కానిస్టేబులు శామ్యూల్ నెల్సన్‌ను జాన్ డన్ చంపాడు. నెల్సన్‌కు పెద్ద కుటుంబం ఉంది. అతనూ జీతం మీద బతికే మనిషే, స్క్వాటరు కాదు.

1865 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఫెలన్స్ అప్రిహెన్షన్ చట్టం తెచ్చింది. దీని ప్రకారం నిర్ణీత తేదీలోగా లొంగిపోవాలని ప్రకటన ఇస్తారు. లొంగిపోకపోతే న్యాయమూర్తి ఆ వ్యక్తిని చట్టబహిష్కృతునిగా ప్రకటిస్తాడు. ఆ తరువాత అతన్ని ఎవరైనా, ఏ హెచ్చరికా లేకుండా కాల్చి చంపవచ్చు, అది హత్య కాదు. అతనికి ఆశ్రయం ఇచ్చినవారికి 15 సంవత్సరాల వరకు శిక్ష, ఆస్తి జప్తు. చట్టం గురి ముఖ్యంగా ఈ చివరి నిబంధనలో ఉంది. నేల మీద ఆశ పెట్టుకున్న సెలెక్టరును అదే నేల పేరుతో బెదిరించడం ప్రభుత్వానికి తెలిసిన బలమైన మార్గం.

1865 మే 5 తెల్లవారుజామున ఫోర్బ్స్ దగ్గర బిల్లాబాంగ్ క్రీక్ ఒడ్డున నిద్రించిన బెన్ హాల్‌ను పోలీసులు చుట్టుముట్టి చంపారు. శరీరంలో దాదాపు ముప్పై గుండు గాయాలు లెక్కించారు. జాడ చెప్పింది అతను నమ్మిన మనిషే. చట్టబహిష్కృతుడిగా ప్రకటించే ప్రక్రియ అప్పటికి పూర్తి కాలేదన్నది గమనించదగిన విషయం. హాల్ మరణించే నాటికి అతని మీద హత్యానేరం వ్యక్తిగతంగా మోపినది లేదు. కాని రెండు హత్యల సమయంలోనూ అతను ఆ ముఠా నాయకుడు. మే 13న బినాలాంగ్ దగ్గర గిల్బర్ట్ హతుడయ్యాడు. డన్‌ను 1866 మార్చిలో ఉరి తీశారు. అప్పటికి డన్ వయసు ఇరవై దాటలేదు.

ఫ్రెడరిక్ వార్డ్ వంటివారు మరికొంత కాలం నిలిచారు. ‘కెప్టెన్ థండర్‌బోల్ట్’ పేరు పెట్టుకున్న ఇతను 1863లో సిడ్నీ నౌకాశ్రయంలోని కాకటూ దీవి జైలు నుంచి ఈది తప్పించుకున్నాడు. 1870 మే 25న యురల్లా దగ్గర చనిపోయే వరకు పోలీసులకు దొరకలేదు. అతని సహచరి మేరీ ఆన్ బగ్ మూలవాసి తల్లికి, ఆంగ్లేయ తండ్రికి పుట్టింది. చదవడం, రాయడం వచ్చినది. అడవిలో అతను అన్నేళ్లు బతకడంలో ఆమె నైపుణ్యం పాత్ర పెద్దది.

7.6 కెల్లీ ముఠా

నెడ్ కెల్లీ కథ మీకు కొంత తెలిసి ఉండవచ్చు కాబట్టి ఇక్కడ ముఖ్యాంశాలకే పరిమితమవుదాము. తండ్రి ఐర్లండ్‌లోని టిప్పరేరీ నుంచి ద్వీపాంతరం వచ్చిన ఖైదీ, 1866లో మరణించాడు. తల్లి ఎలెన్ ఈశాన్య విక్టోరియాలో సెలెక్టరుగా బీద నేల దున్నుకుంటూ పిల్లలను పెంచింది. 1878 ఏప్రిల్ 15న ఫిట్జ్‌పాట్రిక్ అనే కానిస్టేబులు వారింటికి వెళ్లాడు. అతని మీద హత్యాయత్నం జరిగిందన్న ఆరోపణపై తల్లికి న్యాయమూర్తి రెడ్మండ్ బారీ మూడేళ్ల శిక్ష వేశాడు. ఒళ్లో పసిబిడ్డ ఉన్న స్త్రీ. అక్టోబరు 26న స్ట్రింగీబార్క్ క్రీక్ దగ్గర, తమను వెతుకుతూ వచ్చిన నలుగురు పోలీసుల్లో ముగ్గురిని, అంటే లోనిగన్, స్కాన్లన్, సార్జంట్ కెనడీలను, కెల్లీ ముఠా చంపింది. వారం తిరగకముందే విక్టోరియా తన సొంత చట్టబహిష్కరణ చట్టం చేసింది.

1878 డిసెంబరులో యురోవా బ్యాంకు, 1879 ఫిబ్రవరిలో జెరిల్డరీ బ్యాంకు దోచుకున్నారు. జెరిల్డరీలో బ్యాంకు దగ్గరున్న అప్పు పత్రాలను కాల్చారు. సెలెక్టర్ల ప్రాంతంలో ఆ మంటకు అర్థం వివరించనవసరం లేదు. అక్కడే నెడ్ తాను చెప్పగా జో బర్న్ రాసిన ఏడు వేలకు పైగా పదాల ఉత్తరాన్ని అచ్చు వేయించాలని తెచ్చాడు. ముద్రాపకుడు అప్పటికే పారిపోయాడు. ఉత్తరం ఆ కాలంలో అచ్చు కాలేదు. 1930లో గాని పూర్తిగా వెలుగు చూడలేదు. విరామచిహ్నాలు లేని ఆ రాతలో పోలీసుల మీద కోపం, ఐర్లండ్ జ్ఞాపకం, పేదల పట్ల పక్షపాతం, తనకు ఎదురు నిలిచినవారికి బెదిరింపు అన్నీ కలగలిసి ఉన్నాయి. చరిత్ర విద్యార్థికి ఇది విలువైన ఆధారం. అయితే ఇది నిందితుడు తన వాదన తానే వినిపించుకున్న పత్రం అని కూడా గుర్తుంచుకోండి.

ప్రభుత్వం బహుమతిని 8,000 పౌన్లకు పెంచింది. 1879లో ఇరవై మందికి పైగా సానుభూతిపరులను రుజువులు లేకుండా నెలల తరబడి జైల్లో ఉంచారు. ముఠా బంధుమిత్రులకు కొత్తగా భూమి దక్కకుండా పోలీసులు జాబితా తయారు చేశారు. ఈ చర్యలు ముఠాను ఒంటరి చేయలేదు, బయట ఉన్నవారిని దగ్గర చేశాయి. పంట కోతల వేళ ఇంటి మగవాడిని జైల్లో పెడితే ఏమవుతుందో ఏ రైతు కుటుంబమైనా చెప్పగలదు.

చివరి ఘట్టం 1880 జూన్ 27, 28 తేదీల్లో గ్లెన్‌రోవన్‌లో జరిగింది. పోలీసుల రైలును పట్టాలు తప్పించడానికి పట్టాలు పీకించారు. ఊరివారిని ఆన్ జోన్స్ సత్రంలో నిర్బంధించారు. థామస్ కర్నో అనే బడిపంతులు ఉపాయంగా బయటపడి, ఎర్రటి గుడ్డ చాటున కొవ్వొత్తి పట్టుకుని రైలును ఆపాడు. పథకం నెరవేరి ఉంటే ఎందరు చనిపోయేవారో తలచుకుంటే, ‘పేదల వీరుడు’ అన్న మాట నోటికి అంత తేలికగా రాదు. నాగలి రెక్కలతో చేసిన, నలభై కిలోలకు పైగా బరువున్న కవచం కాళ్లను కప్పలేదు. అక్కడే తగిలిన గాయాలతో నెడ్ పడిపోయాడు. మిగిలిన ముగ్గురు సత్రంలో మరణించారు. పోలీసుల కాల్పుల్లో సత్రం యజమానురాలి కొడుకు, ఒక వృద్ధుడు చనిపోయారు. వారు ఏ పక్షానికీ చెందినవారు కాదు. నెడ్ శిక్ష తగ్గించాలని కోరుతూ వేలాది మంది సంతకాలు చేసినా, 1880 నవంబరు 11న మెల్‌బోర్న్ జైలులో ఉరి అమలైంది. 1881లో ఏర్పడిన రాయల్ కమిషన్ పోలీసు శాఖ తీరును తీవ్రంగా తప్పుపట్టింది.

7.7 చరిత్రకారుల చర్చ

ఎరిక్ హాబ్స్‌బామ్ 1959లోనూ, తిరిగి 1969లోనూ ‘సామాజిక బందిపోటు’ అనే భావనను ప్రతిపాదించాడు. రాజ్యం నేరస్థుడని ముద్ర వేసినా, రైతులు తమవాడిగా, న్యాయం కోసం పోరాడినవాడిగా భావించే దొంగ అని దాని అర్థం. 1972లో ఆంటన్ బ్లాక్ దీన్ని విమర్శిస్తూ, బందిపోట్లు చాలాసార్లు పేదలనే అణచారని, బలవంతుల రక్షణలో బతికారని, హాబ్స్‌బామ్ జనం చెప్పుకునే కథను జరిగిన వాస్తవంగా తీసుకున్నాడని అన్నాడు.

బుష్‌రేంజర్లకు ఈ చర్చను అన్వయించేటప్పుడు ఎవరిని దోచుకున్నారు అని చూడటం ఉపయోగకరం. బ్యాంకులు, బంగారు బండ్లు ఉన్నాయి. వాటితో పాటు ఒంటరిగా నడిచే కూలీలు, చిల్లర వర్తకులు, చైనా గని కార్మికులు కూడా ఉన్నారు. 1860-61లో లాంబింగ్ ఫ్లాట్‌లో తెల్ల గని కార్మికులు చైనీయుల మీద దాడులు చేసి తరిమిన కాలం అది. చైనీయుణ్ణి దోచుకుంటే పాట కట్టేవారూ లేరు, పెద్దగా విచారించేవారూ లేరు. మరోవైపు, భూమి తగాదా, పోలీసుల పక్షపాతం లేకపోతే హాల్‌కు గాని కెల్లీకి గాని అంత కాలం ఆశ్రయం దొరికేది కాదన్నది కూడా నిజం. నా అభిప్రాయంలో హాబ్స్‌బామ్ భావన బుష్‌రేంజరును గురించి కన్నా, అతనికి అన్నం పెట్టిన ఇంటిని గురించి ఎక్కువ చెబుతుంది. ఆ విధంగా చదివితే ఇద్దరు చరిత్రకారుల మాటలూ పనికి వస్తాయి.

తరువాతి జ్ఞాపకానికి చలనచిత్రం తోడయ్యింది. 1906లో మెల్‌బోర్న్‌లో ప్రదర్శించిన కెల్లీ ముఠా చిత్రాన్ని ప్రపంచంలోనే తొలి పూర్తి నిడివి కథాచిత్రంగా పరిగణిస్తారు. పోలీసులను చులకన చేస్తున్నాయన్న కారణంతో 1912లో న్యూ సౌత్ వేల్స్ బుష్‌రేంజర్ చిత్రాలను నిషేధించింది.

7.8 చివరి చట్టబహిష్కృతుడు

ఈ చట్టం చివరిగా ఎవరి మీద పడిందో చూడకుండా యూనిట్ పూర్తి కాదు. జిమ్మీ గవర్నర్ మూలవాసి సంతతికి చెందిన యువకుడు. కొంతకాలం పోలీసుల దగ్గర జాడలు పట్టే పని చేశాడు, కంచెలు వేసే కాంట్రాక్టు పని చేశాడు. ఒక తెల్లజాతి యువతిని పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లిని గురించి అతని భార్య పడిన అవమానాలు, కూలి తగాదాలు పేరుకుపోయాయి. 1900 జూలైలో బ్రీలాంగ్ అనే చోట యజమాని ఇంట్లోని స్త్రీలను, పిల్లలను అతను, మరొకరు దారుణంగా చంపారు. తరువాత తమ్ముడు జో తోడుగా మరికొన్ని హత్యలు చేస్తూ వేల మైళ్ల అడవిలో మూడు నెలలు తిరిగాడు. వందల మంది వెంటపడ్డారు. అక్టోబరులో అన్నదమ్ములను చట్టబహిష్కృతులుగా ప్రకటించారు. జోను కాల్చి చంపారు, జిమ్మీ గాయపడి పట్టుబడ్డాడు.

ఇతనికీ గుర్రపు స్వారీ తెలుసు, అడవి తెలుసు, అవమానం తెలుసు. చంపిన తీరులోని క్రూరత్వం ఒక్కటే ఇతన్ని వీరుల వరుసకు దూరం చేసిందా, లేక రంగు కూడానా అన్నది మీ అధ్యయన కేంద్రంలోని సంప్రదింపు తరగతిలో చర్చించవలసిన ప్రశ్న. 1901 జనవరి 1న ఆరు వలసరాజ్యాలు కలిసి ఆస్ట్రేలియా కామన్‌వెల్త్ ఏర్పడింది. జనవరి 18న సిడ్నీలోని డార్లింగ్‌హర్స్ట్ జైలులో జిమ్మీ గవర్నర్‌ను ఉరి తీశారు. అప్పటికి పద్దెనిమిది రోజుల వయసున్న కొత్త రాజ్యాంగంలోని 127వ అధికరణం, దేశ జనాభాను లెక్కించేటప్పుడు మూలవాసులను లెక్కలోకి తీసుకోరాదని చెప్పింది. దాన్ని 1967లో తొలగించారు.